నా గొంతుతో మరొకరు

రాజోలు,
9 జూన్ 2025

అక్షయా,

రాజోలు నుంచి మీ సరోజినత్త. ఫోను చేస్తే నువ్వు మధ్యలో "ఒక్క నిమిషం అత్తా" అని పక్కనెవరితోనో మాట్లాడటం మొదలుపెడతావు. ఆ నిమిషంలో నా కోపం కాస్తా చల్లారిపోతుంది. ఈసారి చల్లారకూడదని ఉత్తరం రాస్తున్నాను. నువ్వు కూడా ఉత్తరమే రాయి. ఫోను చేస్తే తియ్యను.

మన ఊరి వశిష్ఠ ఛానెల్ పోయింది. మింగింది మీ కంపెనీయే కాబట్టి నీకిది కొత్త కబురు కాదు. పోయిన వారం ఒక సాయంత్రం ఎప్పటిలాగే వార్తలు చదవడానికి వెళ్తే, మేడమెట్ల దగ్గర రాజబాబు ఊదారంగు చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. తను ఛానెల్ పెట్టిన దగ్గర్నుంచీ ఆ మనిషిని నేను లుంగీలో తప్ప చూడలేదు. చొక్కా మీద "జిలుగు" అని రాసి ఉంది.

"మేడమ్ గారూ, మరేం అనుకోకండి. ఇకనించి మనం జిలుగు రాజోలండి," అన్నాడు.

"మనం అంటే ఎవరు బాబూ?"

"ఆయ్, మనమేనండి."

లోపల మన వెనక ఉండే తెర తీసేశారు. సఖినేటిపల్లి రేవూ, ఏరు దాటించే పంటూ, వెనక కొబ్బరిచెట్లూ మన కెమెరా ఫిలిప్ రంగులతో వేసిన తెర అది. దాని స్థానంలో ఊదారంగు గుడ్డ ఒకటి. పోనీ మన ఊరికని కుట్టించారా అంటే అదీ కాదు. పంటు మీద అవతలి ఒడ్డుకు పనుండి వెళ్లినప్పుడు నరసాపురంలో టీవీ చూశాను. జిలుగు నరసాపురం వెనకా అదే గుడ్డ, అదే మడత. తణుకులోనూ అదేనట. రేపు అన్ని ఊళ్లకీ అదే గుడ్డ కప్పుతారు కాబోలు.

పైనుంచి నియమాలు వచ్చాయట, రాజబాబు చదివి వినిపించాడు. "ఆయ్" అనకూడదు. "అండీ" తగ్గించాలి. ఎప్పుడూ నవ్వుతూ ఉండాలి. చావు కబురు కూడా నవ్వుతూనే చదవాలా అని అడిగాను. పాపం వెంటనే ఫోను చేసి కనుక్కున్నాడు. "చిరునవ్వు చాలంటండి," అన్నాడు.

ఆ చిరునవ్వు అవసరం కూడా నాకు లేదని తర్వాత చెప్పాడు. రాజోలు వార్తలు ఇకనుంచి హైదరాబాదులో కూర్చున్న అమ్మాయి చదువుతుందట. బడిలో తెలుగు చెప్పినన్నాళ్లూ, రిటైరయ్యాకా, సాయంత్రమైతే నాకు ఆ మేడ ఎక్కడమే పని. ఇప్పుడు ఆ వేళకి వీధరుగు మీద కూర్చుని ఆటోలు చూస్తున్నాను.

ఇందులో నీ చెయ్యి ఎంతవరకూ ఉందో దాచకుండా రాయి.

సరోజిని

—

హైదరాబాదు,
18 జూన్

సరోజినత్తా,

పదో తరగతి పరీక్షలో సెలవు కోరుతూ ప్రధానోపాధ్యాయునికి రాశాక మళ్లీ ఇదే నేను ఉత్తరం రాయడం. దస్తూరీని క్షమించు.

నీ ఉత్తరం చదివితే తెలియనివాళ్లు వశిష్ఠ ఛానెల్ అంటే ఏదో మహాసంస్థ అనుకుంటారు. వేసవి సెలవులన్నీ ఆ మేడ మీద నీ పక్కన కూర్చున్నదాన్ని, నా దగ్గరా ఈ మాటలు? నువ్వు వార్తలు చదువుతుంటే వెనక రాజబాబు గారింట్లో కుక్కరు మూడు కూతలు కూసేది. ఫిలిప్ గారికి జ్వరమొస్తే నిన్నటి వార్తలే ఇవాళా వేసేవాళ్లు. మధ్యాహ్నమంతా రాజబాబు గారి బావమరిది పెళ్లి వీడియో. ఆ పెళ్లాం పుట్టింటికి వెళ్లిపోయాక కూడా పెళ్లి మాత్రం టీవీలో జరుగుతూనే ఉండేది. ఇక ఆ తెర మీద పంటులో నిలబడ్డవాళ్లలో సగం మందికి కాళ్లు లేవు. నువ్వెప్పుడైనా చూశావా?

నియమాలు నేను రాయలేదు. ఇంగ్లీషులో వచ్చినవాటిని తెలుగు చేశాను, అంతే.

ఒక మాట చెప్తాను, కోపం పక్కనపెట్టి విను. స్థానికంగా వార్తలు చదివేవాళ్లని అన్ని ఊళ్లలోనూ తీసేయాలని పెద్దవాళ్లు ఎప్పుడో నిర్ణయించారు. దాన్ని నేను ఆపలేను. కానీ కొన్ని గొంతుల్ని రికార్డు చేసి భద్రపరిచే పని ఒకటి మొదలైంది. అందులో నీ గొంతు ఉండి తీరాలని నేను పట్టుబట్టాను. వచ్చే వారం అమలాపురానికి ఇద్దరు వస్తారు. వాళ్లిచ్చినవి చదువు. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు, అంకెలు, మామూలు వాక్యాలు.

నీ గొంతు ఎక్కడికీ పోదు. నేను చూసుకుంటాను.

నీ అక్షయ

—

రాజోలు,
5 జూలై

అక్షయా,

మీవాళ్లు వచ్చారు, వెళ్లారు. అమలాపురంలో హోటలు గది తీసుకుని కిటికీలకి దుప్పట్లు కట్టారు. లక్ష్మీప్రసన్న అని ఒకామె, ఉదయ్ కిరణ్ అని ఒకాయన. ఇద్దరూ మర్యాదస్తులే. ఇద్దరికీ తెలుగు చదవడం మాత్రం రాదు. నేను చదివేది సరో కాదో చూసుకోవడానికి ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న కాగితాలు పట్టుకున్నారు.

ఒకే వాక్యాన్ని సంతోషంగా, బాధగా, మామూలుగా చదవమన్నారు. బాధగా అంటే ఎంత బాధ, పోయినవారు దగ్గరివారా దూరపువారా అని అడిగాను. "మీడియం బాధ మేడమ్," అన్నాడు ఉదయ్ కిరణ్.

అయినా చదివాను. రెండు రోజులు చదివాను. రికార్డు చేసేది గొంతే కదా అని తెలిసి కూడా పట్టుచీర కట్టుకుని వెళ్లాను, నవ్వుకో. పాత ఛానెల్ గుర్తుగా మా గొంతుల్ని ఎక్కడో ఒకచోట దాచాలని మీ కంపెనీలో ఒక్కరికైనా తోచినందుకు, ఆ ఒక్కరూ మా అన్నయ్య కూతురైనందుకు ఆనందించాను. ఇంతకంటే పొగడను.

మీ హైదరాబాదు అమ్మాయి సంగతి చెప్పనా? సఖినేటిపల్లిని "సఖి, నేటి పల్లి" అని మూడు ముక్కలు చేసి చదువుతోంది. మొన్న వానలకి గన్నవరంలో విమానాలు ఆలస్యంగా నడుస్తున్నాయని మన వార్తల్లో చెప్పింది. మన పి.గన్నవరంలో అక్విడక్టు ఉంది, దాని కింద ఏటి నీళ్లున్నాయి, విమానాలు ఎప్పుడు దిగాయో నాకు తెలియదు. విజయవాడ పక్కన ఇంకో గన్నవరం ఉందని ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదా? చెప్పేవాళ్లకే తెలియదా?

పక్కింటి ఇందిర, "మీరు చదివితేనే వార్తలా ఉండేదండీ," అంది. వినబడనట్టు ఇంకోసారి చెప్పించుకున్నాను.

సరోజిని

—

హైదరాబాదు,
19 జూలై

సరోజినత్తా,

గన్నవరం విమానాల మాట మీటింగులో చదివి వినిపించాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వాక, దీనికి మందు నా దగ్గర ఉందని చెప్పాను. ఒప్పుకున్నారు.

ఆగస్టు ఒకటి సాయంత్రం మర్చిపోకుండా జిలుగు పెట్టుకుని చూడు. అంతకంటే చెప్పను. నాన్నకి కూడా చెప్పలేదు. ఇక నువ్వు మళ్లీ పట్టుచీర కట్టుకోనక్కర్లేదు, మేడ ఎక్కనక్కర్లేదు. అరుగు మీద కూర్చునే వినొచ్చు.

పని చాలా ఉంది. ఉంటాను.

అక్షయ

—

రాజోలు,
8 ఆగస్టు

అక్షయా,

ఆగస్టు ఒకటిన నువ్వు చెప్పినట్టే టీవీ ముందు కూర్చున్నాను. పాత వశిష్ఠ ఛానెల్ మీద ఏదో జ్ఞాపకాల కార్యక్రమం వేస్తారనుకున్నాను. ఊదారంగు గుడ్డ మీద అక్షరాలు కదులుతున్నాయి, వెనక నా గొంతు కొబ్బరి ధరలు చెబుతోంది. ఆ రోజు ధరలు. నేను ఏనాడూ చదవని ధరలు.

నోటికి చెయ్యడ్డం పెట్టుకుని చూశాను, నేను మాట్లాడుతున్నానేమోనని. అంతగా నా గొంతే అది. ఇందిర గోడ మీంచి, "మళ్లీ మొదలెట్టేరా అండీ! బాగుందండీ!" అని కేకేసింది. తల ఊపాను. ఆ తల ఊపినందుకు ఇప్పుడు నన్ను నేను తిట్టుకుంటున్నాను.

నాలుగో తారీఖు సంగతి నీకు మీ ఆఫీసులో ఎవరైనా చెప్పారో లేదో. నేను చెప్తాను.

కొత్తపేటలో అబ్రహాము మాస్టారు నీకు తెలుసు. మా బడిలోనే లెక్కలు చెప్పేవారు, చర్చిలో పాటల బృందం ఆయనదే. హెర్నియా ఆపరేషను చేయించుకుని అమలాపురం ఆసుపత్రిలో ఉన్నారు. మర్నాడు ఇంటికి పంపిస్తామన్నారని, భార్య రెబెకా గారు ఇల్లు తుడిపించి పెట్టుకోవడానికి ముందే వచ్చారు. సాయంత్రం టీవీ పెట్టుకున్నారు. నా గొంతు చెప్పింది, కొత్తపేట వాస్తవ్యులు, విశ్రాంత ఉపాధ్యాయులు శ్రీ అబ్రహాము గారు ప్రభువునందు నిద్రించారని, రేపు ఉదయం భూస్థాపన అని. మీడియం బాధతో చెప్పింది.

పోయిన అబ్రహాము గారు వేరే జిల్లాలో వేరే కొత్తపేట ఆయన. ఈ రాష్ట్రంలో ఎన్ని కొత్తపేటలున్నాయో మీ వాళ్లెవరైనా ఎప్పుడైనా లెక్కపెట్టారా?

రెబెకా గారు లేచి వీధిలోకి పరిగెత్తబోయి గుమ్మం మెట్ల మీద పడ్డారు. తుంటి ఎముక విరిగింది. చుట్టుపక్కలవాళ్లు ఆవిడని ఆటోలో అమలాపురం తీసుకెళ్తుంటే, ఇంకోపక్క బంధువులు దండలతో ఇంటికి రావడం మొదలైంది. ఆసుపత్రిలో పైన మంచం మీద అబ్రహాము మాస్టారు ఇడ్లీ తింటూ ఉన్నారు, కింద వరండాలో ఆయన భార్య స్ట్రెచరు మీద ఆయన కోసం ఏడుస్తూ ఉంది. ఆయన్ని దింపుకొచ్చి చూపిస్తే, ఆవిడ చాలాసేపు ఆయన చొక్కా పట్టుకుని వదల్లేదట.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వెళ్లాను. నన్ను చూసి ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది.

"వదినా, అది నేను కాదు. నేను ఆ మేడ ఎక్కి రెండు నెలలైంది," అన్నాను.

"నీ గొంతు నాకు తెలీదా సరోజినీ?" అంది. "ఇంకెవరు చెప్పినా నమ్మేదాన్ని కాదు. ఆసుపత్రికి ఫోను చేసి అడిగేదాన్ని. నువ్వు చెప్పేవు గదా అని అడగలేదు."

కంప్యూటరు, రికార్డు, మా మేనకోడలు అని ఏదో చెప్పబోయాను. ఆవిడ వినలేదు. వినకపోవడమే న్యాయం అనిపించింది. బయటికొస్తుంటే అబ్రహాము మాస్టారు మాత్రం, "రాండి సరోజిని గారూ, నా భూస్థాపనకి మీరే ఆలస్యంగా వచ్చేరు," అని నవ్వించబోయారు. ఆ మంచి మనిషి ముందు ఏడ్చాను.

భద్రపరచడం అంటే ఇదా? నీ గొంతు ఎక్కడికీ పోదు అన్నావు. పోయింది. నేను చూస్తుండగా నా గొంతుని మరొకరు తొడుక్కుని తిరుగుతున్నారు. నువ్వు నీ చేత్తో తీసి ఇచ్చావు. నా చేత పట్టుచీర కట్టించి మరీ తీశావు.

సరోజిని

—

హైదరాబాదు,
14 ఆగస్టు

సరోజినత్తయ్య గారికి,

మీ ఉత్తరం అందింది. రెబెకా గారి విషయం మాకు ఐదో తారీఖునే తెలిసింది. చాలా బాధపడ్డాను. కానీ మీరు రాసినవన్నీ నా మీద వేసుకోలేను.

వాళ్లు అన్ని ఊళ్లకీ హైదరాబాదు అమ్మాయి గొంతే పెట్టబోయారు. గోదావరి మాట ఒక్కటైనా మిగలాలని గొడవపడింది నేను. మా అత్త చదివితే జనం వింటారు, నమ్ముతారు అని చెప్పింది నేను. "ఆయ్" వద్దన్న మనుషుల చేత, ఆ గొంతు అయితే "ఆయ్" ఉండనివ్వండి అనిపించింది నేను. మీరు వినలేదేమో, మూడో తారీఖు వార్తల్లో ఉంది. మీరు సంతోషిస్తారనుకున్నాను. ఊళ్ల పేర్లూ అంకెలూ రెండు రోజులు చదివిస్తే, కంప్యూటరు మీ గొంతు నేర్చుకుని ఏ వార్తైనా చదవడానికేనని మీకు అర్థమయ్యే ఉంటుందనుకున్నాను.

తప్పు జరిగింది డెస్కులో. ఏ కొత్తపేటో చూసుకోకుండా పంపారు. అందులో గొంతు తప్పేమీ లేదు. ఇదే తప్పు వశిష్ఠ ఛానెల్‌లో ఎప్పుడూ జరగలేదని ప్రమాణం చేయగలరా?

రేపో ఎల్లుండో జిలుగు రాజోలులో బహిరంగంగా క్షమాపణ చెబుతారు. అదీ నేనే అడిగి ఒప్పించాను.

అక్షయ

—

రాజోలు,
18 ఆగస్టు

అక్షయా,

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నన్ను "మీరు" అన్నావు. సంతోషం.

ప్రమాణం చేయగలను. చావు కబురు తెచ్చినవాళ్లని పోయినవారి ఇంటిపేరు, వీధి, పెద్దకొడుకు పేరు అడిగేదాన్ని. ఆ ఇంటికి ఫోను చేసి మాట్లాడాకే చదివేదాన్ని. కుక్కరు కూసేది, నిజమే. కూత వినిపించేంత దగ్గరలో మనుషులుండేవారు.

నీ క్షమాపణ నిన్న వచ్చింది. విన్నావా? "పొరపాటుకు చింతిస్తున్నామండి, రెబెకా గారు త్వరగా కోలుకోవాలని జిలుగు కుటుంబం కోరుకుంటోందండి." నా గొంతుతో. ఆ వెంటనే, ఊపిరైనా పీల్చుకోకుండా, నా గొంతుతోనే చీరల షాపు ప్రకటన.

ఇక్కడ ఎవరి చెవిలోనైనా ఇప్పుడిక అనుమానం మిగల్లేదు. సరోజిని టీచరు తప్పు చదివింది, సరోజిని టీచరే క్షమాపణ చెప్పుకుంది. బజారులో ఒకాయన, "పోన్లెండి మేడమ్ గారూ, పొరపాట్లు అందరికీ వస్తాయండి," అని నన్ను ఓదార్చాడు. ఆయన ఓదార్పుకి నేను నమస్కారం పెట్టాల్సి వచ్చింది.

రాజబాబు దగ్గరికి వెళ్లాను. ఊదా చొక్కాలో కూర్చుని, "నా చేతిలో ఏముందండి, నేను క్లస్టర్ పార్ట్‌నర్‌నండి," అన్నాడు. ఆ మాటకి అర్థమేమిటని అడిగితే తెలియదన్నాడు. తన పదవి అర్థం తెలియని మనిషిని ఇంకేం అడగను?

నా గొంతు ఆపించు. నీతో నాకు ఇంకేమీ పని లేదు.

సరోజిని

—

హైదరాబాదు,
22 సెప్టెంబరు

అత్తా,

ఇన్నాళ్లూ రాయకపోవడానికి కారణం కోపం కాదు. ఏమైనా చేశాకే రాద్దామనుకున్నాను.

మా పైఅధికారి దగ్గరికి వెళ్లి, అది మా మేనత్త గొంతు, ఆపండి అని అడిగాను. "ఓ, మీ అత్తగారా! కంగ్రాట్స్," అన్నాడు. తర్వాత కంప్యూటరు తెరిచి చూపించాడు. వాళ్ల లెక్కల్లో నీకు సరోజిని అనే పేరు లేదు. "గోదావరి ఆంటీ" అని ఉంది. హైదరాబాదు అమ్మాయి "సిటీ సిస్టర్". ఇంకో ఊరాయన ఎవరో "రాయలసీమ అంకుల్". నేను ఆ మనిషి మొహం చూశాను. ఎగతాళి కూడా లేదు అందులో. ఎగతాళి చేయడానికైనా ఎదుట మనిషి ఉన్నారని తెలియాలి కదా.

ఆ రోజు గట్టిగా అరిచాను. మర్నాడు అబ్రహాము మాస్టారి చేత ఒక లాయరు నోటీసు పంపించాను. అరుపుకి కదలనివాళ్లు దానికి కదిలారు. ఈ నెల పదిహేను నుంచి జిలుగు రాజోలులో, జిలుగు అమలాపురంలో నీ గొంతు ఆగిపోయింది. చూసే ఉంటావు.

మిగతా చోట్ల ఆపరట. ఆదోనిలో నడుస్తోంది, పలాసలో నడుస్తోంది, ఇంకా ఎక్కడెక్కడో. నీ గొంతుకి ఆ ఊళ్లలో మంచి పేరుందట. పోయిన వారం ఆఫీసు గోడ మీది టీవీలో నువ్వు ఆదోని వార్తలు చదువుతున్నావు. ఎవరో చనిపోయారు. నువ్వెప్పుడూ చూడని ఊళ్లో నువ్వెప్పుడూ వినని మనిషి. నేను ఆ గదిలోంచి లేచి వెళ్లిపోయాను. అప్పటినుంచి ఆ గదిలోకి వెళ్లడం లేదు.

ఉద్యోగం మానేశానని రాయాలని ఉంది. మానలేదు. నీకు అబద్ధం రాయను.

నీ మీద ప్రేమతోనే చేశాను అత్తా. కానీ నిన్ను అడగలేదు. అడిగితే వద్దంటావని నాకు తెలుసు. అందుకే భద్రపరచడం అన్న మాట వాడాను. ఆ మాట నాదే, కంపెనీది కాదు.

అక్షయ

—

రాజోలు,
6 నవంబరు

అక్షయా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. రోజూ జవాబు రాయాలనుకోవడం, మానేయడం. గోదావరి ఆంటీ అన్న చోట ఆగిపోయేదాన్ని. ఈ వయసులో నాకు నామకరణం చేసిన ఆ పెద్దమనిషికి వాళ్లమ్మ ఏం పేరు పెట్టిందో కనుక్కుని రాయి. నేను మర్చిపోకుండా ఆ పేరుతోనే తిడతాను.

రెబెకా వదిన చేతికర్రతో నడుస్తోంది. నన్ను క్షమించానని చెప్పింది. నమ్మానని చెప్పలేదు. చేయని తప్పుకి క్షమాపణ పుచ్చుకుని, కాఫీ తాగి వచ్చాను.

జిలుగు రాజోలులో వార్తలు ఇప్పుడు మళ్లీ మీ సిటీ సిస్టర్ చదువుతోంది. ఎవరూ పట్టించుకోవడం లేదు. ఊరి కబుర్లు ఫోన్లలో వస్తున్నాయి, వచ్చినవాటిలో సగం అబద్ధాలు.

మొన్న శనివారం దొరబాబు మా ఇంటికి వచ్చాడు. సఖినేటిపల్లిలో కొబ్బరి వ్యాపారం చేసే సూరయ్య గారి అబ్బాయి. తెల్లవారుజామున వాళ్ల నాన్నగారు పోయారు.

"టీవీలో ఇత్తే ఎవరూ నమ్మరండి. ఫోన్లో పెడితే నిజమా అని తిరిగి మాకే ఫోన్లు చేత్తన్నారండి. ఏడవడానికి కూడా తీరిక లేదండి," అన్నాడు. "ఆటోకి మైకు కట్టించేనండి. మీరొచ్చి చెప్తారా?"

రానన్నాను. నా గొంతు వింటే ఇప్పుడు జనం ఏమనుకుంటారో చెప్పాను. అతను గుమ్మంలోంచి కదల్లేదు. "మీరు ఆటోలో కనపడతారు కదండీ," అన్నాడు.

ఆ మాటకి చెప్పులేసుకున్నాను.

సఖినేటిపల్లి రేవు దగ్గర మొదలుపెట్టాం. మలికిపురం మీదుగా రాజోలు దాకా. ఆటోలో అంచున, అందరికీ కనపడేలా కూర్చున్నాను. ఇంటిపేరు, వీధి, పెద్దకొడుకు పేరు, అంత్యక్రియల వేళ, అన్నీ చెప్పాను. నవ్వలేదు. ఎన్ని "అండీ"లు వచ్చాయో నేను లెక్కపెట్టలేదు. మొదటి వీధిలో తలుపులు సగమే తెరుచుకున్నాయి. ఒకడు సైకిలు దిగి, "ఈ సారైనా నిజమేనా టీచరు గారూ?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను ఆటో ఆపించి దిగి, వాడి ముందు నిలబడి మైకు లేకుండా మళ్లీ చెప్పాను. నవ్వు ఆపేశాడు.

అక్కడినుంచి ప్రతి వీధి మొగలోనూ దిగాల్సి వచ్చింది. అడగని చోట కూడా దిగాను. మలికిపురం దాటాక బుచ్చమ్మ అనే ముసలావిడ రోడ్డు మీదికొచ్చి నా గడ్డం పట్టుకుని మొహం వెలుగులోకి తిప్పి చూసింది. సూరయ్య గారి తోటలో ఆవిడ చాలాకాలం పనిచేసిందట. చూసి, "నువ్వే. అయితే నిజమే," అని అక్కడే రోడ్డు మీద కూలబడి ఏడ్చింది. ఆవిడ పక్కన కూర్చున్నాను. దొరబాబు ఆటోలోంచి దిగి వచ్చి మా ఇద్దరి పక్కనా కూర్చుని, అప్పుడు ఏడ్చాడు. వెనక బస్సువాడు హారను కొట్టలేదు.

అప్పటినుంచి రెండిళ్లవాళ్లు పిలిచారు. వెళ్లాను. ఇంకా పిలుస్తారు, వెళ్తాను. ఒకప్పుడు ఆ మేడ మీద కూర్చుని నోరు తెరిస్తే చాలేది. ఇప్పుడు వీధి వీధికీ నా మొహం కూడా తీసుకెళ్లాల్సి వస్తోంది.

ఆదోనిలో నాతో చావు కబుర్లు చెప్పించుకుంటున్న జనానికి ఏం చెప్పాలో నాకు తోచలేదు. వాళ్ల మొహాలు నాకు తెలియవు, నా మొహం వాళ్లకి తెలియదు. ఆ గోడ మీది టీవీ ఉన్న గదిలోకి నువ్వు వెళ్లు, అక్షయా. పారిపోకు. రోజూ కూర్చుని విను. ఏ ఊరి కబురు ఏ ఊరికి వెళ్తోందో చూడు. నేను చెప్పకుండానే ఎవరినైనా నేను చంపితే, వెంటనే ఆపించు. నీ జీతానికి నేను ఇచ్చే పని ఇది.

సరోజినత్త